నాలుగొందల లివర్ల టార్గెట్

ఆ ఏడాది జూన్ నెలలో మా లంకలపాడు జిల్లాకు నాలుగు వందల లివర్ క్యాన్సర్లు శాంక్షన్ అయ్యాయి.

మీరు సరిగ్గానే చదివారు. రోడ్లు శాంక్షన్ అవుతాయి, బోరింగులు శాంక్షన్ అవుతాయి, అలాగే ఇవీ అయ్యాయి. ఉత్తర్వుకి నెంబరుంది, తేదీ ఉంది, అడుగున ఆకుపచ్చ ఇంకుతో సంతకం ఉంది. మార్చి ముప్పై ఒకటిలోగా వంద శాతం సాధించాలి.

తప్పు నాదే.

నా పేరు సోమయాజులు. జిల్లా వైద్య కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. రాజధాని నుంచి ఇంగ్లీషులో వచ్చే ప్రతి సర్క్యులర్నీ తెలుగు చేసి కింది ఆస్పత్రులకు పంపడం నా పని. ఎప్పుడో అధికార భాషా వారోత్సవాల్లో వ్యాసరచనకు రెండో బహుమతి వచ్చిన పాపానికి ఆ పని నా బల్ల మీద వాలింది. పదిహేడేళ్ళయినా లేవలేదు.

ఆ రోజు వచ్చిన సర్క్యులర్ నాలుగు పేజీలు. లివర్ క్యాన్సర్ ముదిరి ఆపరేషనుకు వీల్లేని రోగులకు కొత్తరకం మాత్రలు ఈ ఆర్థిక సంవత్సరం వరకు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పాత మందులు ఒళ్ళంతా కలచివేసేవి. ఇవి క్యాన్సర్ ఎదగడానికి వాడుకునే దారుల్ని గురి చూసి మూస్తాయి. అందుకే వీటిని టార్గెటెడ్ థెరపీ అంటారు. అంతా అర్థమైంది గాని, ఆ పేరు దగ్గరే కలం ఆగిపోయింది. ‘గురి చూసి కొట్టే మందు’ అని రాస్తే బస్టాండులో పంచే కరపత్రంలా ఉంది. బయటికెళ్ళి టీ తాగొచ్చి ‘లక్ష్య నిర్దేశిత చికిత్స’ అని రాశాను. రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయాను కూడా.

పది నిమిషాల్లో లోపల్నుంచి పిలుపొచ్చింది.

మా జిల్లా వైద్యాధికారి పరాంకుశం గారు చదివింది డాక్టరీయే గాని, స్టెతస్కోపు పట్టుకుని ఇరవై రెండేళ్ళయింది. ఆయన మెడలో ఇప్పుడు కళ్ళజోడు తాడు మాత్రమే వేలాడుతుంది.

“ఏమయ్యా సోమయాజులూ, లక్ష్య నిర్దేశిత అని రాశావు. లక్ష్యం ఎక్కడ నిర్దేశించారు?”

“ఇక్కడ లక్ష్యం అంటే క్యాన్సర్ కణం సార్. మందు దాన్ని గురి చూసి...”

“కణానికి మనం రిమైండర్ రాయగలమా?”

“లేదండి.”

“కణం మీద రివ్యూ మీటింగ్ పెట్టగలమా?”

“లేదండి.”

“మరి అది లక్ష్యం ఎలా అవుతుందయ్యా? ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో టార్గెట్ లేని స్కీము నేను చూడలేదు. కుటుంబ నియంత్రణకి టార్గెట్, కంటి శుక్లాలకి టార్గెట్, దోమతెరలకి టార్గెట్. పేరులోనే టార్గెట్ పెట్టుకున్న స్కీముకి టార్గెట్ లేకపోతే ప్రభుత్వం పరువేం కావాలి? రాజధానికి రాయి. ‘సదరు పథకమునకు జిల్లా లక్ష్యమును తెలియజేయవలసినదిగా ప్రార్థన.’”

రాశాను. మా ఉత్తరాలకు జవాబు రావడానికి మామూలుగా రెండు వానాకాలాలు పడుతుంది. దీనికి నాలుగో రోజునే వచ్చింది. ‘మీ జిల్లా లక్ష్యము: 400.’

ఆ అంకె ఎలా పుట్టిందో అర్థంకాక రాజధానిలో నాలాంటి గుమాస్తాకే ఫోన్ చేశాను.

“మీ సారు అడిగేదాకా టార్గెట్ పెట్టలేదన్న సంగతి ఇక్కడెవరికీ తట్టలేదండీ. పైవాళ్ళు హడలిపోయారు. ఫైలంతా తిరగేశాం. మొత్తం మీద అంకె అన్నది ఒక్కచోటే కనపడింది. రోగి పూటకి నాలుగొందల మిల్లీగ్రాములు వేసుకోవాలని. అదే ఖాయం చేసేశాం.”

“అన్ని జిల్లాలకీ అదేనా?”

“సమన్యాయం కదండీ మరి!”

అప్పటికి మా జిల్లా మొత్తంలో ఆ మాత్రలు కావలసిన రోగులు పదకొండు మంది. పదకొండో పేరు మా ఆఫీసు జీపు డ్రైవరు దావీదుది.

దావీదుకి యాభై మూడేళ్ళు. పద్నాలుగేళ్ళుగా పరాంకుశం గారిని మోస్తున్నవాడు. కుడి పక్క డొక్కలో నొప్పంటే పట్నంలో పెద్దాస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. స్కానింగు చూసిన డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గాని, మాట తిన్నగా చెప్పింది.

“గడ్డ పెద్దది. కొయ్యడానికి వీల్లేదు. హెపటైటిస్ బి అనే వైరస్ చిన్నప్పుడెప్పుడో ఒంట్లో చేరి, ఇన్నేళ్ళూ చప్పుడు చెయ్యకుండా లివర్ని పాడుచేసింది.”

“నేను చుక్క ముట్టనండి. మా ఆవిడ బైబిలు మీద చెయ్యేసి చెప్తాది,” అన్నాడు దావీదు.

“తాగుడే కానక్కర్లేదు. ఇప్పుడైతే బిడ్డ పుట్టగానే టీకా వేస్తున్నాం, ఈ వైరస్ చేరకుండా. మీరు పుట్టినప్పుడు ఆ టీకా లేదు.”

“నేను తొందరపడి పుట్టేశానన్నమాట.”

డాక్టరమ్మ నవ్వింది. తర్వాత కాగితం మీద బొమ్మ గీసింది. “ఈ గడ్డ తనకి కావలసిన రక్తం కోసం కొత్త నాళాలు తవ్వుకుంటుంది. మీ ఊళ్ళల్లో పిల్లకాలవల్లాగా. ఈ మాత్ర వెళ్ళి ఆ కాలవలకి తలుపు దించుతుంది.”

“కాలవ తలుపులు దించే లాకు సూపర్నెంటండీ!” అన్నాడు దావీదు నావైపు తిరిగి.

“పూర్తిగా పోతుందని నేను చెప్పను. కాలం కలిసొస్తుంది. కాని ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. వారాలు కూడా లెక్కే.”

బయట కొనాలంటే దావీదు వల్ల కాదు. ఆ అవసరం లేదనుకున్నాం. జూలై రెండో వారంలో మాత్రలు మా ఆఫీసుకే వచ్చాయి. వ్యానులోంచి పెట్టెలు దింపి స్టోరు గదిలో పెట్టింది దావీదే.

“నా మందు నేనే మోసుకున్నానండి. మింగడమొక్కటే తరవాయి,” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

పెట్టెల మీద లక్క సీలుంది. దానితోపాటు ఒక కాగితం. ‘వంద శాతం లబ్ధిదారుల నమోదు పూర్తయిన పిదప, గౌరవ మంత్రివర్యుల చేతుల మీదుగా మాత్రమే సీలు తీయవలెను. పాక్షిక ప్రారంభము నిషిద్ధము.’

పరిగెత్తాను పరాంకుశం గారి దగ్గరికి.

“పదకొండు మందికోసం తెరిస్తే రెండు పాయింట్ ఏడు అయిదు శాతం ప్రారంభోత్సవం అవుతుంది,” అన్నారాయన కాలిక్యులేటర్ నాకు చూపిస్తూ. “రెండు పాయింట్ ఏడు అయిదు శాతం రిబ్బన్ కత్తిరించిన మంత్రిని నువ్వెప్పుడన్నా చూశావా?”

“సార్, వాళ్ళలో మన దావీదు...”

“నాకు మాత్రం బాధ లేదా? అందుకే చెప్తున్నాను, త్వరగా నాలుగొందలు పూర్తి చెయ్యండి. వాడి ప్రాణం మీ చేతుల్లో ఉంది.”

బయట దావీదు జీపు తుడుస్తున్నాడు.

“యాజులుగారండీ, మన జిల్లాకి నాలుగొందలొచ్చినాయంట. అందులో నాకోటి రాసేరా లేదాండీ?”

“రాశాం దావీదూ. పదకొండో నెంబరు నీదే.”

“మరింకేంటండి?”

“ఇంకో మూడు వందల ఎనభై తొమ్మిది మందికి జబ్బు రావాలి.”

దావీదు గుడ్డ పిండాడు. “పాపం, ఎవరికొస్తాదండీ అంత తొందరగా?”

ఆగస్టులో ‘ఇంటింటా లివర్’ ఉద్యమం మొదలైంది. గోడల మీద రాతలు, ఆటోల్లో మైకులు. జిల్లాలో ఉన్న ప్రతి ఆరోగ్య కార్యకర్తకీ నెలకి నాలుగు కేసులు వంతు వేశారు. మీటింగులో టీకాల విభాగం చూసే హెడ్ నర్సు సుగుణకుమారి లేచి నిలబడింది. ఆవిడంటే పరాంకుశం గారికి లోపల కొంచెం జంకు. పురుళ్ళ వార్డులో పాతికేళ్ళు పనిచేసిన మనిషి. కేకలకి బెదరదు.

“కుటుంబ నియంత్రణ ఆపరేషన్లంటే ఇల్లిల్లూ తిరిగి బతిమాలి తీసుకొచ్చేవాళ్ళం సార్. దీనికి ఏమని బతిమాలమంటారు?”

“అవగాహన కల్పించాలమ్మా.”

“అవగాహనతో క్యాన్సర్ రాదు కదండి.”

“కొవ్వు పట్టిన లివర్లు మన జిల్లాలో వేలున్నాయిగా? అందులోంచి అర్హత గలవాటిని అప్‌గ్రేడ్ చెయ్యలేమా?”

“హైస్కూలుని కాలేజీ చేసినట్టు కుదరదు సార్ ఇది.”

సెప్టెంబరు నాటికి లెక్క పదకొండు దగ్గరే నిలబడింది. వీడియో కాన్ఫరెన్సులో రాజధాని నుంచి కమిషనర్ గారు తెర మీద ప్రత్యక్షమయ్యారు. ఆయన ముఖం తెర కంటే పెద్దదిగా ఉండడంతో గడ్డం ఎప్పుడూ కనపడదు.

“లంకలపాడు! టూ పాయింట్ సెవెన్ ఫైవ్! మీ జిల్లాలో లివర్లు లేవా?”

“ఉన్నాయి సార్,” అన్నారు పరాంకుశం గారు చేతులు కట్టుకుని. “సహకరించడం లేదు.”

“పక్కనే మెరకపూడి జిల్లా చూడండి. సిక్స్ పర్సెంట్. ఇరవై నాలుగు కేసులు. వాళ్ళకి సాధ్యమైంది మీకెందుకు కాదు? కమిట్‌మెంట్ లేదు మీలో. కమిట్‌మెంట్ ఉంటే క్యాన్సర్ దానంతటదే వస్తుంది!”

మెరకపూడి రహస్యం రెండు రోజుల్లోనే బయటపడింది. వాళ్ళు ఏటికి ఇవతల ఉన్న మన రోగుల్ని పట్టుకుపోతున్నారు. మనిషికో స్టీలు బకెట్టు ఇచ్చి మరీ. పల్లంలంక రేవు నుంచి మా కార్యకర్త ఫోన్ చేసింది. లివర్ దగ్గర ఏదో ఉందని స్కానింగులో తేలిన ముసలాయన్ని మెరకపూడి వ్యాను ఇప్పుడే ఎక్కించుకుందట!

“దావీదూ, జీపు తియ్యి!” అని పరాంకుశం గారు అరిచిన అరుపుకి కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

కాలవగట్టు మీద ఆ జీపు అంత వేగంతో పోవడం అదే మొదలు, అదే ఆఖరు. గేదెలు గట్టు దిగాయి. కొబ్బరి దింపులవాళ్ళు చెట్ల మీదే ఆగిపోయారు. వెనక సీట్లో నేను ఫైలు గుండెలకు హత్తుకుని కూర్చున్నాను. మూడో మైలు దగ్గర తెల్లటి వ్యాను కనపడింది. దావీదు దాన్ని దాటించి, జీపుని గట్టుకి అడ్డంగా నిలిపాడు.

వ్యానులోంచి మెరకపూడి వైద్యాధికారి దిగాడు. ఆయన వెనకాల ముసలాయన, చంకలో కొత్త బకెట్టుతో.

“మా కేసు మర్యాదగా దింపండి,” అన్నారు పరాంకుశం గారు.

“ఇది మా కేసండి. ఇష్టపూర్వకంగా ఎక్కాడు.”

“తాతా, నీది ఏ జిల్లా?”

“గోదారి ఎటేపు కోస్తే అటేపు బాబూ,” అన్నాడు ముసలాయన. “పోయినేడు దాకా మీదే. వరదొచ్చాక మా లంక ఆళ్ళేపు జరిగిపోయిందంటన్నారు.”

ఇద్దరు అధికారులూ ఏటి వాలు గురించి పావుగంట వాదించుకున్నారు. ఈలోగా నేను ముసలాయన చేతిలో ఉన్న స్కానింగు కాగితం తీసుకుని చదివాను.

“సార్, ఇది పిత్తాశయంలో రాయండి.”

ఇద్దరూ వాదన ఆపి నావైపు తిరిగారు.

“రాయా?” అన్నారు పరాంకుశం గారు. “ఉట్టి రాయేనా?”

“తప్పైపోయింది బాబూ,” అన్నాడు ముసలాయన తలొంచుకుని.

మెరకపూడి వైద్యాధికారి మారు మాట్లాడకుండా బకెట్టు వెనక్కి తీసుకుని వ్యానెక్కాడు. ముసలాయన్ని మా జీపు ఎక్కించుకున్నాం. రేవు దాకా వచ్చేసరికి దావీదు బండి పక్కకి ఆపి, స్టీరింగు మీద తల వాల్చాడు. కుడి చెయ్యి డొక్క మీద ఉంది.

“ఏమైందయ్యా?” అన్నారు పరాంకుశం గారు.

“ఏం లేదండి. తమరు ఎతుకుతున్నదే.”

పరాంకుశం గారు సీట్లో నిటారుగా లేచారు. రెండు క్షణాలు ఆయన కళ్ళు మెరిశాయి. తర్వాత గుర్తొచ్చి నీరుగారిపోయారు. “నువ్వు పాత లెక్కలోవాడివి కదయ్యా. నాకు కొత్తవాళ్ళు కావాలి.”

ఆ సాయంత్రం దావీదు బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం పొడుచుకుంటుంటే చూశాను. నెల్లో అది మూడోది. పట్నం డాక్టరమ్మ నాకు ఫోన్ చేసి, “ఇంకా మొదలుపెట్టలేదా? ఏం చేస్తున్నారండీ మీరు?” అని అడిగింది. నాకు తెలిసిన భాషలు రెండింటిలోనూ దానికి మాట లేదు.

అక్టోబరు మొదటి వారంలో నెలవారీ సమీక్ష జరిగింది. ఒక్కో విభాగం లెక్కలు చదువుతోంది. సుగుణకుమారి వంతు వచ్చింది.

“జిల్లా ఆస్పత్రిలో పోయిన నెల పుట్టిన బిడ్డలు నాలుగు వందల పన్నెండు. అందరికీ ఇరవై నాలుగు గంటల్లోపే హెపటైటిస్ బి టీకా వేశాం. వంద శాతం సార్.”

అప్పటిదాకా కునుకు తీస్తున్న పరాంకుశం గారికి వంద శాతం అనే మాటకి మెలకువొచ్చింది. “వెరీ గుడ్. దేనికమ్మా ఆ టీకా?”

“తమకి తెలియనిదేముంది సార్. ఆ వైరస్ చేరకపోతే పెద్దయ్యాక దానివల్ల వచ్చే లివర్ క్యాన్సర్ రాదు. అందుకే దీన్ని క్యాన్సర్‌ని ఆపే టీకా అంటారు.”

పరాంకుశం గారి ముఖంలో రంగు మారింది.

“అంటే, నెలకి నాలుగు వందల పన్నెండు మందిని మీరు లివర్ క్యాన్సర్ రాకుండా చేస్తున్నారా?”

“ఆయ్, అవునండి.”

“ఎన్నేళ్ళ నుంచి?”

“నేను ఈ విభాగానికి రాకముందు నుంచీ సార్.”

“ఇక్కడ నేను ఒక్కో కేసుకోసం కాలవగట్లు పట్టుకు తిరుగుతుంటే, మా ఆఫీసులోనే, మా సిరంజీలతోనే...” ఆయన బల్ల చరిచారు. “సోమయాజులూ, మెమో రాసుకో. ‘టీకాల విభాగమువారు పై అధికారుల దృష్టికి తీసుకురాకుండా భవిష్యత్ లబ్ధిదారులను పుట్టిన రోజునే నిర్మూలించుచున్నట్లు తెలియవచ్చినది. లక్ష్య సాధనకు విఘాతము కలిగించిన ఈ చర్యకు మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను. అంతవరకు...’”

“అంతవరకు టీకాలు ఆపమనేనా సార్?” అంది సుగుణకుమారి, కుర్చీలోంచి కదలకుండా. “ఆపేస్తాను. ‘పసిబిడ్డలకు టీకా ఆపవలెను’ అని ఒక్క ముక్క రాసి, కింద తమ సంతకం, ముద్ర, తేదీ వేసి ఇప్పించండి.”

ఆఫీసరుకి పులి ఎదురైనా ఫరవాలేదు గాని, తన సంతకం ఎదురు కాకూడదు. పరాంకుశం గారు నీళ్ళు తాగి, ‘అంతవరకు’ కొట్టేయించారు. టీకాలు ఆగలేదు. సంజాయిషీ మెమో మాత్రం టైపు చెయ్యడానికి నాకిచ్చారు.

టైపు చేస్తూ ఒక మాట దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి.

భవిష్యత్ లబ్ధిదారులు.

బీరువా తెరిచి నా తెలుగు సర్క్యులర్ తీశాను. రెండో పేజీ, నిర్వచనాలు. ఇంగ్లీషులో ఏముందో మళ్ళీ పోల్చి చూసుకున్నాను. ఇక్కడ మాత్రం నేను సరిగ్గానే రాశాను. ‘లబ్ధిదారు అనగా, ప్రభుత్వము అందించు చికిత్స లేక నివారణ చర్య ద్వారా లివర్ క్యాన్సర్ నుండి రక్షణ పొందిన వ్యక్తి.’

లేక నివారణ చర్య!

కాగితం తీసుకుని సుగుణకుమారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ చదివి నవ్వలేదు.

“నా బిడ్డల పేర్లు తీసుకెళ్ళి మీ క్యాన్సర్ లిస్టులో కలుపుతారా యాజులుగారూ?”

“నివారణ అని పక్కన రాస్తానమ్మా. మాత్రలతో వాళ్ళకి సంబంధం ఉండదు. ఒక్క పిల్లాడి ఇంటికీ ఎవరూ వెళ్ళరు. మీ లెక్క కూడా అలాగే ఉంటుంది. దావీదుకి ఇంకో దారి కనపడట్లేదు నాకు.”

దావీదు పేరు వినగానే ఆవిడ రిజిస్టరు నావైపు తోసింది. “ఎర్ర ఇంకుతో రాయండి. నివారణ అన్న ముక్క గుడ్డివాడికి కూడా కనపడాలి.”

నోటు ఫైలు తయారుచేశాను. చికిత్స కింద పదకొండు. నివారణ కింద మూడు వందల ఎనభై తొమ్మిది. మొత్తం నాలుగు వందలు. మిగిలిన ఇరవై ముగ్గురు పిల్లల్ని వదిలేశాను. లక్ష్యం దాటినవాడికి ఆ తర్వాతి స్కీములో అది రెట్టింపవుతుందని సర్వీసులో ఉన్న ఎవరికైనా తెలుసు.

పరాంకుశం గారు నోటు మూడుసార్లు చదివారు. కాలిక్యులేటర్ మీద కూడారు. మళ్ళీ కూడారు.

“నాలుగొందలు,” అన్నారు మెల్లగా. “కరెక్టుగా నాలుగొందలు. కాని సోమయాజులూ, వీళ్ళకి జబ్బు లేదు కదయ్యా!”

“అదే కదండి సార్ మన విజయం.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నోటుకి జతచేసిన నిర్వచనం ఇంకోసారి చదువుకున్నారు. తర్వాత సంతకం పెట్టారు. నిర్వచనం పైనుంచి వచ్చింది గనక ఆ సంతకానికి భయం లేదు.

శుక్రవారం వీడియో కాన్ఫరెన్సులో కమిషనర్ గారు మా జిల్లా అంకె చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తెర మీద ఆయన ముక్కు దగ్గరగా వచ్చింది.

“లంకలపాడు, హండ్రెడ్ పర్సెంటా? నెల కిందట మూడు కూడా లేదు. ఈ జాబితా ఏమిటి? లబ్ధిదారుల వయస్సు అన్నచోట ‘ఒక దినము’ అనుంది. కిందదీ ఒక దినమే. దాని కిందదీ...”

కిటికీ అవతల దావీదు గోడకి ఆనుకుని నిలబడి లోపలికి చూస్తున్నాడు. ఇంక లేచి నిజం చెప్పేద్దామని నేను కుర్చీ జరిపాను.

“అద్భుతం!” అన్నారు కమిషనర్ గారు.

పక్కనే ఎర్ర ఇంకుతో ఉన్న ‘నివారణ’ ఆయన కంట పడినట్టు లేదు.

“ఇది కదా ఎర్లీ డిటెక్షన్ అంటే! క్యాన్సర్‌ని తొలిదశలో పట్టుకోండి, తొలిదశలో పట్టుకోండి అని ఇన్నాళ్ళుగా మొత్తుకుంటున్నాను. లంకలపాడు వాళ్ళు మొదటిరోజునే పట్టుకున్నారు! ఇంతకంటే ముందు పట్టుకోవడం ఎవరి తరం? అందరూ లంకలపాడు వెళ్ళి చూసి రండి. మెరకపూడి! మీ కేసుల సగటు వయసెంత? అరవై ఒకటి! సిగ్గుగా లేదూ?”

సోమవారం ఉదయం పదింటికి ఆఫీసు ముందు షామియానా వేశారు. ఎర్ర ఇంకు సాక్షిగా ఏ పిల్లాడి ఇంటికీ ఎవరూ వెళ్ళరని నేనిచ్చిన మాట ఒక్క పూటకి తప్పింది. సభకి జనం కావాలని పరాంకుశం గారు తల్లుల్ని పిలిపించారు. మూడు వందల ఎనభై తొమ్మిది మంది లబ్ధిదారులు ఒక్కసారిగా గుక్కపట్టారు. మంత్రిగారి ఉపన్యాసం ఒక్క ముక్క వినపడలేదు. ‘లబ్ధిదారులు తీవ్ర భావోద్వేగానికి లోనయ్యారు’ అని మర్నాడు పేపర్లో పడింది.

మంత్రిగారు లక్క సీలు పగలగొట్టారు. మొదటి పెట్టె దావీదు చేతిలో పెట్టారు. ఫొటో తీసేవాడు “ఇటు చూడండి, నవ్వండి” అంటూనే ఉన్నాడు. దావీదు ఎటూ చూడలేదు. అక్కడే మూత తీసి, నా సీసాలో నీళ్ళు తీసుకుని, నాలుగు వందల మిల్లీగ్రాములూ మింగేశాడు.

“లాకులు దించేశానండి,” అన్నాడు.

కథ ఇక్కడితో అయిపోవాలి. కాని పరాంకుశం గారు ఆ సాయంత్రం కాలిక్యులేటర్ ముందు కూర్చుని ఒక లెక్క వేశారు. చికిత్సలో ఉన్న పదకొండు మందిలో మార్చి లోపల ఒక్కడు తప్పిపోయినా మూడు వందల తొంభై తొమ్మిది. తొంభై తొమ్మిది పాయింట్ ఏడు అయిదు శాతం. దేశానికి ఆదర్శమైన జిల్లా నెత్తిన కొరత!

మర్నాటి నుంచి ఆ పదకొండు మంది ప్రాణాలు ప్రభుత్వ ఆస్తి అయ్యాయి. ఒక్కొక్కరికి ఒక్కో అధికారిని బాధ్యుణ్ణి చేశారు. మాత్ర వేళకి పడిందా, అన్నం తిన్నారా, నెలకోసారి రక్తపరీక్ష చేయించుకున్నారా అని రోజూ సాయంత్రానికి నివేదిక రావాలి. పాతికేళ్ళలో మా ఆఫీసు రోగుల్ని అంత బాగా చూసుకోవడం నేనెరగను. దావీదుని పరాంకుశం గారు స్వయంగా తీసుకున్నారు.

“మింగావా?”

“మింగేనండి.”

“నోరు తెరు.”

మందు మొదలుపెట్టిన మూడో వారంలో దావీదు అరచేతులు పొట్టు లేచి మండాయి. ఆ మాత్రలకి అలా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. పూతమందు ఇచ్చి, మోతాదు కొంచెం సవరించింది. కాని స్టీరింగు పట్టుకోవడం కష్టమైంది. ఇంకో డ్రైవరుని పెడితే దావీదు మనసు కష్టపెట్టుకుని అన్నం మానేస్తాడేమోనని పరాంకుశం గారికి భయం. తనే జీపు నడపడం మొదలుపెట్టారు. జిల్లా వైద్యాధికారి డ్రైవరు సీట్లో, డ్రైవరు ఆఫీసరు సీట్లో. ఊళ్ళో కానిస్టేబుళ్ళు దావీదుకి సెల్యూట్ కొట్టేవారు.

“క్లచ్చండీ, క్లచ్చు తొక్కండి సార్! అది బ్రేకండి!”

“అరవకయ్యా, లివర్ మీద ఒత్తిడి పడుతుంది.”

జనవరి ఆఖర్లో పట్నంలో మళ్ళీ స్కానింగు తీశారు. ముగ్గురం వెళ్ళాం. బండి ఆగిన చోటల్లా పరాంకుశం గారు కాలిక్యులేటర్ తీశారు. ఆయన్ని ఇంకో లెక్క తొలిచేస్తోందని నాకు తెలుసు. దావీదు పోతే మూడు వందల తొంభై తొమ్మిది. దావీదుకి పూర్తిగా నయమై, రోగి కాకుండా పోయినా మూడు వందల తొంభై తొమ్మిదే.

డాక్టరమ్మ రెండు ఫిల్ములు లైటుకి ఎదురుగా పెట్టి, స్కేలుతో కొలిచింది.

“పెరగలేదు,” అంది.

దావీదు కళ్ళు మూసుకున్నాడు.

“తగ్గనూ లేదు. నిలకడగా ఉంది. ఈ మందుతో మేము కోరుకునేది ఇదేనండీ. ఇది మంచి మాట.”

పరాంకుశం గారు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచారు. పోలేదు, పెరగలేదు, తగ్గలేదు, లెక్క మారలేదు! ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఏ ఫైలూ ఆయనకి అంత ఆనందం ఇచ్చి ఉండదు. దావీదు భుజాలు రెండూ పట్టుకుని ఊపేశారు.

“శభాష్ దావీదూ! ఇలాగే ఉండు. పెరక్కు, తగ్గకు. ఉన్నది ఉన్నట్టు ఉండు. ప్రభుత్వానికి కావలసింది అదేనయ్యా!”

“అలాగేనండి,” అన్నాడు దావీదు. నవ్వుతూనే పొట్టు లేచిన అరచేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. “మార్చి ముప్పయ్యొకటి దాకానేనాండీ? ఆపైన కూడా ఉండమంటారా?”

పరాంకుశం గారి చేతులు ఇంకా ఆ భుజాల మీదే ఉన్నాయి. అవి ఎంత సన్నబడ్డాయో ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది. ఏప్రిల్ ఒకటి నాటికి పథకం ముగుస్తుంది. తర్వాత మాత్రలకి కాగితం లేదు, ఉత్తర్వు లేదు, సంతకం లేదు.

ఆయన మెడలోని కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. మళ్ళీ తీసేశారు. నావైపు తిరిగారు.

“సోమయాజులూ.”

“సార్.”

“‘ఆపైన కూడా’ అని ఫైలు పెట్టవయ్యా. సంతకం నేను పెడతాను.”